తొమ్మిదో రీల్లో పదిహేను సెకన్లు

టేపక్కకు చీపురమ్మ అని పేరు పెట్టింది పళ్ళ డాక్టరే. పెట్టి ఊరుకున్నా బాగుండేది. తన సంఘం ఇంటర్నెట్ పేజీలో పదకొండేళ్ళుగా, వారం తప్పకుండా, ఆ పేరుతోనే ఆమెను ఉతికి ఆరేస్తున్నాడు. ముఖం కూడా చూడని మనిషిని అన్నేళ్ళు తిట్టడానికి ఎంత ఓపిక ఉండాలో ఆయనకే తెలియాలి.

సంఘం అంటే పాత సినిమా సంగీతం పిచ్చివాళ్ళ సంఘం. ఒక్కడికి ఉంటే పిచ్చి అంటారు, ఆరువేల మందికి ఉంటే సంఘం అంటారు. వాళ్ళ గొడవంతా ఒక్క సినిమా గురించి. నలభై రెండేళ్ళ కిందటి ఆ సినిమాకు మాస్టరుగారు సంగీతం చేశారు. అప్పట్లో ఐదు పాటల రికార్డు ఒక్కటే వచ్చింది. సన్నివేశాల వెనక మోగే సంగీతం, సినిమావాళ్ళు రీరికార్డింగ్ అంటారే, అది గంటకు పైగా ఉంది. దాన్ని పాత టేపుల్లోంచి తీసి, శుభ్రం చేసి, ఒక్క నిమిషం వదలకుండా కొత్తగా విడుదల చేయాలని సంఘం పట్టు. మాస్టరుగారు పోయాక ఆయన కొడుకు చిన్న మాస్టరు చెవిలో జోరీగలా మోగి మోగి, చివరికి సరే అనిపించారు.

అందులోనూ తొమ్మిదో రీలంటే వాళ్ళకు ప్రాణం. ఆ రీల్లో ఇల్లాలు ఖాళీ ఇంట్లో గది గదికీ తిరుగుతుంది. ఒక్క మాట ఉండదు. బయట వాన. ఆ వాన చప్పుడు కింద ఏదో మూలుగుతున్నట్టు, పీల్చిన ఊపిరి వదలనట్టు ఒక సంగీతం. అది ఏ వాయిద్యమో ఎవరూ తేల్చలేకపోయారు. ఒకడు మనిషి గొంతన్నాడు, ఇంకొకడు తడి వేలితో గాజు గ్లాసు అంచు రుద్దారన్నాడు. ఈ గొడవలో రెండు స్నేహాలు చెడిపోయాయి, ఒక పెళ్ళి సంబంధం తప్పిపోయింది. పళ్ళ డాక్టరు ఆ సినిమాను హాల్లో పంతొమ్మిది సార్లు చూసి, చేతిగడియారంతో కొలిచి, అది ఏడు నిమిషాల పదకొండు సెకన్లని తేల్చాడు. వాన లేకుండా దాన్ని ఒక్కసారి వినాలన్నదే ఆయన జీవితాశయం.

ఆ వాన లేని టేపు దొరకలేదు. ఒకప్పుడు ఎవరో పత్రికవాడు టేపక్కను అడిగితే, "తొమ్మిదో రీలుకు విడిగా టేపు లేదు" అని ఒక్క ముక్క చెప్పి తలుపేసుకుంది. అప్పట్లో ఆ సినిమా స్టూడియోలో టేపులు చెరిపి మళ్ళీ వాడే పని ఆమెదే కాబట్టి, డాక్టరు రెండూ రెండూ కలిపి నాలుగు చేశాడు. ఈవిడే ఊడ్చేసింది, చీపురమ్మ అన్నాడు. ఆరువేల మందీ అవునవునన్నారు.

ఇవన్నీ టేపక్కకు చదివి వినిపించేది చెల్లెలు. బట్టలు కుడుతుంది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. మిషను తొక్కుతూ ఫోను గోడకు ఆనించి, "ఇదిగో అక్కా, ఈ వారం నిన్ను రాక్షసి అన్నాడు, పోయిన వారం నయం" అని మొదలుపెడుతుంది.

"ఎందుకే చదువుతావు?"

"నువ్వు నోరు విప్పి నాలుగు అంటావేమోనని. నీ నోట్లో నాలుక ఉందో లేదో ఆ డాక్టరుకే చూపించాలి."

టేపక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. కడుపు మండేది, అంతే. ఏళ్ళ తరబడి మండితే అదీ అలవాటైపోతుంది.

అలాంటిది ఒకరోజు చిన్న మాస్టరు ఫోను చేశాడు. మాస్టరుగారి బీరువాలో పాత టేపులు దొరికాయి, వాటిని ఆడించాలంటే పాత మిషను కావాలి, మిషను ఉంది గానీ దాని మనసెరిగిన మనిషి టేపక్క ఒక్కర్తే. "మీరు రాకపోతే పని జరగదు టేపక్కా" అన్నాడు. ఆమె వెళ్ళింది. ఎందుకు వెళ్ళావని చెల్లెలు తర్వాత చాలాసార్లు అడిగింది. ఆ టేపులను మళ్ళీ ముట్టుకోవాలనిపించింది, అంతకు మించి కారణం లేదు.

చిన్న మాస్టరు రికార్డింగ్ గది ఇరుకైనది. గోడలకు గుడ్డ కొట్టి ఉంది, కిటికీ లేదు, ఒక మూల కంప్యూటరు, ఇంకో మూల నడుమెత్తు పాత మిషను. ఆమె మొదటి పూటంతా ఆ మిషను తలలను, అంటే టేపు రాసుకుంటూ పోయే చోట్లను, దూదితో తుడిచింది. తేమ తగిలి జిగురెక్కిన టేపులను సన్నని వేడి మీద ఆరబెట్టింది. ఆ పని చేస్తుండగా వెనక కుర్చీలో ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. నీట్‌గా దువ్విన తల, ఒళ్ళో లావుపాటి ఫైలు.

"చెరపడం లేదు కదా?" అన్నాడు.

వెనక్కి తిరక్కుండానే ఎవరో అర్థమైంది ఆమెకు.

"తుడుస్తున్నానండీ డాక్టరుగారూ. మీరు పళ్ళు తోమమని చెబుతారే, అలాగ."

చిన్న మాస్టరు నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి మానుకున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. రెండు వైపులా మంచివాడనిపించుకోవాలి, ఏ వైపూ నిలబడకూడదు.

రెండు రోజులు పని నడిచింది. ఆమె టేపు చుట్టిన స్పూలు మిషనుకు ఎక్కించడం, టేపు ఆడటం, అది కంప్యూటర్లోకి వెళ్ళడం, డాక్టరు ఫైల్లో చూసి టిక్కు పెట్టడం. మధ్యమధ్య పుల్లవిరుపు మాటలు. నాలుగో రీల్లో ఒక వయొలిన్ ముక్క తక్కువైందని ఆయన ఒంటికాలి మీద లేచాడు. అది అసలు రికార్డే కాలేదని ఆమె చెబితే, "మీరు చెప్పినవన్నీ నమ్మే రోజులు పోయాయి" అన్నాడు. రెండో రీల్లోని జోలపాట ఆడినప్పుడు మాత్రం గది సద్దుమణిగింది. మాటల్లేని జోలపాట, పియానో ఒక్కటే. "మూడు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు" అన్నాడు డాక్టరు కళ్ళు మూసుకుని. కరెక్టే.

మూడో రోజు మధ్యాహ్నానికి బీరువాలో టేపులు అయిపోయాయి. డాక్టరు ఫైలు మూశాడు.

"ఇప్పుడు చెప్పండి. తొమ్మిదో రీలు ఏం చేశారు?"

"మొన్న విన్నారుగా. కళ్ళు మూసుకుని మరీ విన్నారు."

"వేళాకోళాలొద్దు."

టేపక్కకు అప్పుడు పదకొండేళ్ళ మంట ఒక్కసారి నెత్తికెక్కింది. చెబుదామని రాలేదు. అసలు ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. కానీ లేచి, రెండో రీలు జోలపాట స్పూలు తీసి, కుడి ఎడమలు మార్చి ఎక్కించింది. చివరి నుంచి మొదలయ్యేటట్టు. వేగం మీట సగానికి తిప్పింది. ఆడించింది.

పియానో పియానోలా లేదు. ప్రతి స్వరం ఎక్కడో దూరాన పుట్టి, ఉబ్బి, గొంతు దాకా వచ్చి తెగిపోతోంది. పీల్చిన ఊపిరి వదలనట్టు. వాన లేదు.

అర నిమిషం ఆడించి ఆపేసింది. చిన్న మాస్టరు కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఈ సంగతి ఆయనకు ముందే తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది.

డాక్టరు ఒళ్ళోని ఫైలు గట్టిగా పట్టుకున్నాడు. "ఇది మాస్టరుగారి ఆలోచన" అన్నాడు.

"మాస్టరుగారు ఆ రోజు రానేలేదు. నిర్మాతతో మాట పట్టింపు. ఆ రీలు అప్పజెప్పడానికి ఒక్క పూటే టైముంది. డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు, రికార్డిస్టు భోజనానికి వెళ్ళాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఏదో ఒకటి చేద్దామని చేశాను. డైరెక్టరు విని, మాస్టరుగారు ఎప్పుడు చేశారిది అన్నాడు. నాకు భయమేసి, మొన్న అన్నాను."

"మరి మాస్టరుగారు?"

"మర్నాడు వచ్చి విన్నారు. చుట్టూ చూశారు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఆయనా ఏమీ అనలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు కూడా అనలేదు."

డాక్టరు లేచి నిలబడ్డాడు. ఈ విడుదలతో పాటు ఒక పుస్తకం వస్తోంది. అందులో తొమ్మిదో రీలు మీదే ఆయన నలభై పేజీలు రాశాడు, మాస్టరుగారి వేదాంతమంతా ఆ ఏడు నిమిషాల్లోనే ఉందని. ఆ నలభై పేజీలూ ఆయన ముఖంలో కనిపించాయి. టేపక్కకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు, హాయిగానే అనిపించింది.

"నాకు ఒక్క లైను కావాలి" అంది. "ఆ పుస్తకంలో. తొమ్మిదో రీలు సంగీతం అని రాసి, పక్కన నా పేరు."

"తలకిందులు చేస్తే సంగీతమైపోతుందా?" అన్నాడు డాక్టరు. "పాట ఆయనది. మీరు స్పూలు తిప్పారు. అంతేగా."

చిన్న మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ప్రత్యేక కృతజ్ఞతలని చివర్లో ఒక పేజీ ఉంది టేపక్కా. అందులో మిమ్మల్ని..."

"ఎవరి పక్కన?"

"అంటే... గది అద్దెకిచ్చినవాళ్ళు, టీ తెచ్చినాయన..."

టేపక్క చేతిసంచీ తీసుకుంది. ఎవరూ ఆపలేదు. ఆపాల్సిన పని వాళ్ళకు లేదు మరి. స్పూలు తిప్పి సగం వేగంతో ఆడించడమే అయితే కంప్యూటరు ఆ పని రెండు మీటల్లో చేసేస్తుంది.

ఇంటికి వెళ్ళి చెబితే చెల్లెలు కత్తెర బల్లమీద పడేసింది. "నలభై రెండేళ్ళు కడుపులో దాచుకున్నదాన్ని ఆ పళ్ళు పీకేవాడి ముందు పోసి వచ్చావా? ఇప్పుడు వాళ్ళే చేసుకుంటారు, నిన్ను కూరలో కరివేపాకులా తీసిపారేస్తారు."

"చేసుకోనీ" అంది టేపక్క.

అంది గానీ, అన్నం సహించలేదు. ఒక పేరు కోసం అంత వెంపర్లాడటం తనకే సిగ్గనిపించింది. కాసేపటికి తన కుడిచేతి చూపుడువేలు చూసుకుంది. వేలు సంగతి వాళ్ళకు చెప్పనేలేదని అప్పుడు గుర్తొచ్చింది.

రెండు రోజుల తర్వాత పట్టపగలు ఆసుపత్రి మూసుకుని డాక్టరు వాళ్ళింటికి వచ్చాడు. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మా ఇద్దరి పళ్ళూ బాగానే ఉన్నాయి" అంది. అతను ఆ మాట పట్టించుకునే స్థితిలో లేడు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"పదిహేను సెకన్లు ఎక్కడ పెట్టారు?" అన్నాడు లోపలికి చూస్తూ.

టేపక్క కుర్చీ చూపించలేదు. నిలబెట్టే మాట్లాడింది. "ఏ పదిహేను సెకన్లు?"

"జోలపాట మూడు నిమిషాల ఇరవై ఎనిమిది. సగం వేగంతో ఆడిస్తే ఆరు యాభై ఆరు. చిన్న మాస్టరు చేశాడు, అంతే వచ్చింది. సినిమాలో ఏడు పదకొండు. ఆ తేడా వల్లే ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. పోనీ సాగదీద్దామని ఏడు పదకొండుకు సాగదీశాడు. లెక్క సరిపోయింది, సంగీతం సరిపోలేదు." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "శవంలా ఉంది. చిన్న మాస్టరు బాగుందంటున్నాడు. సంఘంలో నలుగురికి పంపాను, వాళ్ళూ బాగుందన్నారు. వాళ్ళ చెవులు కాలిపోను. సినిమాలో ఆవిడ మెట్ల దగ్గర ఆగుతుంది. సంగీతం కూడా ఆగబోయి ఆగదు. కిటికీ దగ్గర ఇంకోసారి. మొత్తం తొమ్మిది చోట్ల. ఒక్కటీ ఇందులో లేదు. ఏం చేశారక్కడ?"

తొమ్మిది చోట్లే. టేపక్క మనసులో లెక్కపెట్టుకుంది. మెట్లు, కిటికీ, ఊయల, మూసిన గది తలుపు. సినిమా తీసిన డైరెక్టరు గమనించలేదు, మాస్టరుగారు గమనించారో లేదో తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి విన్నాడు. వినక వినక వీడు వినాలా అని ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

చూపుడువేలు పైకెత్తి చూపించింది.

"ఎదురుగా తెరమీద బొమ్మ ఆడుతోంది. ఆవిడ నడక నెమ్మదించిన చోటల్లా స్పూలు అంచు మీద వేలు ఆనించాను. ఆవిడ కదిలితే తీశాను. మీ పదిహేను సెకన్లు ఈ వేలు."

డాక్టరు ఆ వేలుకేసే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అలా చేస్తూ ఇంకో టేపు మీదికి ఎక్కించి ఉండాలి. అంటే వాన లేని టేపు ఒకటి ఉండేది."

"ఉండేది."

"ఏమైంది?"

"చెరిపేశాను."

కుట్టుమిషను ఆగింది. చెల్లెలికి కూడా ఈ ముక్క తెలియదు.

"అంటే నేను రాసింది నిజమే" అన్నాడు డాక్టరు. అతని గొంతులో విజయం లేకపోలేదు. "చీపురమ్మే మీరు."

"నిజమే. మీరు పదకొండేళ్ళు తిట్టింది ఉత్తినే పోలేదు. సినిమా విడుదలైన నెలకు టేపులు కరువొచ్చాయి. మేనేజరు ఒక హుకుం వేశాడు. డబ్బా మీద మాస్టరుగారి పేరుంటే ముట్టుకోవద్దు, ఎవరి పేరూ లేని డబ్బాలు చెరిపెయ్యమన్నాడు. ఆ డబ్బా మీద మాస్టరుగారి పేరు రాయడానికి నాకు మనసొప్పలేదు. నా పేరు రాయడానికి ధైర్యం చాల్లేదు. ఉత్త డబ్బా. నా చేత్తోనే ఎక్కించి, నా చేత్తోనే చెరిపాను. ఏడు నిమిషాల పదకొండు సెకన్లూ పక్కనే నిలబడ్డాను."

ఓదార్పు మాట ఒకటి అనాలని డాక్టరుకు తోచలేదు, తోచినా ఆమె పుచ్చుకునేది కాదు.

"మళ్ళీ చేయగలరా?" అన్నాడు చివరికి.

"ఆ లైను పడితే."

"చిన్న మాస్టరు ఒప్పుకోడు."

"అయితే శవాన్నే విడుదల చేసుకోండి. మీవాళ్ళు బాగుందంటున్నారుగా."

డాక్టరు పళ్ళు కొరికాడు. ఇతరుల చేత ఆ పని మాన్పించడం అతని వృత్తి. "ఒప్పిస్తాను. కాదంటే సంఘం మొత్తం ఆ రికార్డును అతని మొహాన కొడుతుందని చెబుతాను. నా నలభై పేజీలూ తగలబెట్టుకుంటాను. కానీ ఒకటి గుర్తుంచుకోండి, మీ మీద గౌరవంతో కాదు. ఆ ఆరు యాభై ఆరు నేను వినలేను."

"నాకు మీ గౌరవం అక్కర్లేదు" అంది టేపక్క. "చెవులు చాలు."

ఒప్పించాడు. ఎలా ఒప్పించాడో, ఎన్ని మాటలు విసురుకున్నారో గానీ, వారం తిరక్కుండా చిన్న మాస్టరు విసుగ్గా ఫోను చేసి రమ్మన్నాడు. లైను పుస్తకంలో పడుతుందట. నాన్నగారి పరువు తీశారని మాత్రం అన్నాడు. పరువు తీయడం వేరు, అప్పిచ్చిన పరువు తిరిగి తీసుకోవడం వేరని ఆమె అనబోయి, ఫోను పెట్టేసింది. ఈసారి చెల్లెలు కూడా వెంట వచ్చింది, తోడుకు కాదు, తగువు చూడటానికి.

గదిలో కొత్తగా ఒక తెర పెట్టారు. తొమ్మిదో రీలు బొమ్మ అందులో సిద్ధంగా ఉంది. చప్పుడు తీసేశారు. ఖాళీ ఇంట్లో ఇల్లాలు మొదటి అడుగు వేయబోతూ నిలిచిపోయి ఉంది. టేపక్క జోలపాట స్పూలు కుడి ఎడమలు మార్చి ఎక్కించింది, మీట సగానికి తిప్పింది. చిన్న మాస్టరు రికార్డు చేయడానికి కొత్త టేపు ఎక్కించాడు. డాక్టరు గడియారం చేతికి తీసుకుని, "కానివ్వండి" అన్నాడు.

ఆమె కదల్లేదు. కొత్త టేపు తాలూకు ఖాళీ డబ్బా డాక్టరు ముందుకు తోసింది.

"ముందు డబ్బా మీద రాయండి."

"పుస్తకంలో వేస్తున్నాంగా."

"పుస్తకం సంగతి తర్వాత. డబ్బా మీద పేరు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రాస్తేనే వేలు పెడతాను. మీరే రాయాలి, మీ చేత్తో."

చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. డాక్టరు కలం తీశాడు. విసురుగా రాయడం మొదలుపెట్టాడు. తొమ్మిదో రీలు. దాని కింద, ఏడు నిమిషాల పదకొండు సెకన్లు.

"ముందే రాసేశారు. రాకపోతే?"

"రావాలి" అన్నాడు తలెత్తకుండా. దాని కింద, సంగీతం అని రాశాడు. అది రాయడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. గీత గీసి, కలం ఆపాడు.

ఆపినవాడు అలాగే ఉండిపోయాడు. ఇక మొండికేస్తాడేమోనని టేపక్క చూసింది. మొండితనం కాదది. అతని మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడుతోంది.

"మీ పేరు?" అన్నాడు.

పదకొండేళ్ళు ఆమె గురించి వారం వారం రాసిన మనిషి. అతను చిన్న మాస్టరు వైపు చూశాడు. పుట్టినప్పటి నుంచీ టేపక్కా అని పిలిచిన చిన్న మాస్టరుకూ తెలియదు. ఆయన గోడకేసి చూశాడు.

చెల్లెలు చెప్పబోయింది. టేపక్క చెయ్యెత్తి ఆపింది.

తనే చెప్పింది. ఎవరికైనా చెప్పి చాలా ఏళ్ళయిన పేరు, గొంతులో సగమే పలికింది.

"సరిగ్గా చెప్పండి" అన్నాడు డాక్టరు చిరాగ్గా.

మళ్ళీ చెప్పింది, ఈసారి గది నిండేటట్టు. అతను రాసేదాకా వంగి చూసింది. సిరా ఆరిందో లేదో తాకి చూసుకుంది. తర్వాత తెరవైపు తిరిగి, స్పూలు అంచు దగ్గర వేలు పెట్టి, ఇల్లాలు నడవడం మొదలుపెట్టేదాకా ఆగింది.